రమ్మీ యాట: నియమములు, లెక్క, న్యాయము

శ్రీకాకుళమునుండి టెక్కలికి పోవు రాజమార్గమున నరసన్నపేట దాటిన పిమ్మట కోటబొమ్మాళి వచ్చును. దీనికి ఉత్తరమున పర్లాకిమిడియు, దక్షిణమున వంశధార సముద్రమున గలియుచోట కళింగపట్టణపు రేవును గలవు. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒడిస్సా రాష్ట్ర మేర్పడు వరకు కోటబొమ్మాళియు పర్లాకిమిడియు ఒకే గంజాము మండలమున నుండెడివి. పేకాట చరిత్రమును విచారించువారికి ఈ స్థానము మిక్కిలి యుపయోగకరము. ఒకవైపు దేశీయమైన గుండ్రని చిత్రపు ముక్కలను వ్రాయు చిత్రకారుల సీమ. మఱియొకవైపు ఐరోపా వర్తకుల చతురస్రపు ముక్కలు దిగిన సముద్రతీరము. ఈ రెంటి నడుమనున్న గ్రామములలో నేడు సంక్రాంతి దినములందు ఆడబడునది మాత్రము రమ్మీ.

ఈ యాటను పెద్దలు జూదమని నిరసింతురు. ఆడువారు బుద్ధిబలపు క్రీడ యని సమర్థింతురు. ఈ వివాదము గ్రామపు అరుగుపైననే ముగియక దేశపు సర్వోన్నత న్యాయస్థానము వరకు పోయినది; పోయినది తెలుగునేల నుండియే. కావున ఉభయపక్షముల వాదములలో నిజమెంతయో తెలియవలెనన్న, ముందుగా ఆట వచ్చిన దారిని, పిదప దాని నియమములను, లెక్కను తెలిసికొనుట యావశ్యకము.

మన దేశమున ముక్కల యాటకు ప్రాచీననామము గంజీఫా. బాబరు చక్రవర్తి 1527లో సింధుదేశమున నున్న షాహుసేనునకు గంజీఫాను పంపినట్లు తన స్వీయచరిత్రమున వ్రాసికొనెను. అబుల్ ఫజలు ఐనీ అక్బరీలో నీ క్రీడను వర్ణించెను. మొగలాయి గంజీఫాలో ఎనిమిది రంగులు. రంగునకు రాజు, మంత్రి, ఒకటి మొదలు పది వరకు అంకెలు కలిపి పండ్రెండు చొప్పున 96 ముక్కలు. హిందువులు దీనిని దశావతారములకు అన్వయించి పది రంగులతో 120 ముక్కలు గావించిరి. ఉత్కళమున దీనికే గంజప యని పేరు. గుడ్డపేలికలను చింతగింజల జిగురుతో నంటించి, సుద్ద పూసి, గుండ్రముగా కత్తిరించి, రంగులతో బొమ్మలు వ్రాసి, లక్కతో మెఱుగుపెట్టుదురు. ఇట్టి ముక్కలను వ్రాయు స్థానములలో పర్లాకిమిడి ప్రసిద్ధమైనది. మైసూరున ముమ్మడి కృష్ణరాజ ఒడయరు (1794–1868) తాను కల్పించిన ముక్కల యాటలను శ్రీతత్త్వనిధి యందలి కౌతుకనిధిలో చేర్పించెను.

గంజపలో నొక ముఖ్యధర్మము గలదు. అందు ముక్కలన్నియు ఆటగాండ్రకు పంచబడును. గుప్తముగా మిగులున దేదియు నుండదు. ఒక్కొక్క పట్టునను పడిన ముక్కలను ఎవడు చక్కగా జ్ఞాపకమున నుంచుకొనునో వాడే గెలుచును. సగము రంగులలో పది పెద్దది, సగము రంగులలో ఒకటి పెద్దది యగుటచే ధారణకు మఱింత పని గల్గును. పంపకమున అదృష్టమును, ఆటలో ధారణయును అను రెండు ధర్మములు రమ్మీలోను కానవచ్చును. ఇది మున్ముందు న్యాయవిచారమున పనికివచ్చును.

52 ముక్కల పేక సముద్రమార్గమున వచ్చినదనుటకు మన వాడుక పదములే సాక్ష్యము. తెలుగువారు నాలుగు రంగులను ఇస్పేటు, ఆఠీను, కళావరు, డైమను అందురు. ఇందు కళావరు డచ్చి భాషలోని ‘క్లావర్’ పదమునకును, ఆఠీను ‘హార్టెన్’ పదమునకును తద్భవములుగా నున్నవి. ఇంగ్లీషులో ఈ రెండు రంగులను క్లబ్స్, హార్ట్స్ అందురు గనుక కళావరు ఆ భాషనుండి రాలేదనుట స్పష్టము. డచ్చివారు 1605లో మచిలీపట్టణమున దిగిరి. భీమునిపట్టణమున వారి వర్తకస్థానము 1825 వరకు నుండెను. తురుపు అను మాటయు డచ్చి ‘ట్రూఫ్’, పోర్చుగీసు ‘త్రుంఫు’ అను మాటల కుటుంబములోనిదే. డైమను ఇంగ్లీషు మాట యనుట స్పష్టమే. హిందూస్థానీ వ్యవహారమున జాకీకి గులాము అని పేరు. మొగలాయి గంజీఫాలోని ఎనిమిది రంగులలో నొకదాని పేరును గులామే. ఇట్లు ఒక్క పేకలో పారసీకపు పొర, డచ్చి పొర, ఇంగ్లీషు పొర వరుసగా పేరుకొనియున్నవి. రమ్మీకి సంబంధించిన జోకరు, షో, డ్రాపు, లైఫు మొదలగు మాటలన్నియు ఇంగ్లీషువే యగుటను బట్టి, ఈ యాట అన్నింటికంటె పైపొరకు జెందిన కొత్త రాక యని తెలియుచున్నది. దీని పూర్వరూపమైన కాన్క్వియన్ అను మెక్సికో సంబంధమైన యాట 19వ శతాబ్ది చివర అమెరికా క్రీడాగ్రంథములలో వర్ణింపబడినది. రమ్మీ అను పేరు 20వ శతాబ్దిలో వ్యాపించినది.

ఇక మనదేశపు పదుమూడు ముక్కల రమ్మీ నియమములు. ముగ్గురు మొదలు ఆరుగురు వరకు ఆడునప్పుడు రెండు పేకలను, అచ్చు జోకరులను కలిపి చక్కగా కలుపుదురు. ఒక్కొక్కనికి పదుమూడు ముక్కలు పంచి, ఒక ముక్కను నడుమ తెఱచి వేయుదురు. మిగిలినవి మూసిన కట్ట. కట్టనుండి మఱియొక ముక్కను తీసి చూపి, ఆ అంకెగల ముక్కలన్నియు ఆ పంపకమునకు జోకరులని నిర్ణయింతురు. జోకరు ఏ ముక్కకైనను ప్రతినిధిగా నిలుచును. వంతు వచ్చినవాడు మూసిన కట్టనుండి గాని, తెఱచిన కుప్పపైనుండి గాని ఒక ముక్క తీసికొని, తనకు వలదన్న ముక్క నొకదానిని తెఱచి వేయవలెను.

లక్ష్యము పదుమూడింటిని వరుసలుగను జట్లుగను కూర్చుట. ఒకే రంగులో మూడు గాని అంతకెక్కువ గాని వరుస అంకెలుండిన నది వరుస. ఒకే అంకెగల మూడు గాని నాలుగు గాని వేర్వేరు రంగుల ముక్కలు జట్టు. వరుసలు కనీసము రెండుండవలెను. అందొకటి జోకరు సాయము లేని శుద్ధమైన వరుస కావలెను. దీనినే ఆటగాండ్రు మొదటి లైఫు అందురు. ఆసు, రెండు, మూడు ఒక వరుస. రాణి, రాజు, ఆసు మఱియొక వరుస. రాజు, ఆసు, రెండు మాత్రము చెల్లవు. కూర్పు ముగిసినవాడు పదునాలుగవ ముక్కను మూసివేసి చూపును. ఆ చూపులో తప్పున్నచో నిండు నష్టమైన 80 వానిపై బడును.

లెక్కలో గెలిచినవానికి సున్న. ఓడినవారికి ఆసు, రాజు, రాణి, జాకీ ఒక్కొక్కటి పది, తక్కినవాటికి అంకె యెంతయో అంత, జోకరులకు లేదు. శుద్ధమైన వరుస లేనివానికి చేతనున్నవన్నియు లెక్కింపబడును. శుద్ధమైనది కలిగి రెండవ వరుస లేనివానికి ఆ యొక్కటి తప్ప తక్కినవన్నియు, జట్లతో సహా, లెక్కకు వచ్చును. ఎంత పెరిగినను 80కి మించదు.

ఉదాహరణమున కొకని చేత ఇస్పేటు 4, 5, 6. ఆఠీను 9, 10, అచ్చు జోకరు. కళావరు, డైమను, ఇస్పేటు 8లు. విడిగా ఆఠీను రాజు, కళావరు రాణి, డైమను 7, డైమను 2 ఉన్నవనుకొందము. విడి నాలుగింటికి 10, 10, 7, 2 చేరి 29 మాత్రమే నష్టము. ఇస్పేటు 6కు బదులు ఇస్పేటు జాకీ యుండినచో శుద్ధమైన వరుస భంగమగును. అప్పుడు మొదటి మూడింటికి 19, తరువాతి మూడింటికి 19, ఎనిమిదులకు 24, విడివాటికి 29, వెరసి 91. హద్దునుబట్టి 80 పడును. ఒక్క ముక్క భేదమున 29 కాస్తా 80 అయినది. అందుచేతనే అనుభవజ్ఞులు నూతనునకు మొట్టమొదట జెప్పు మాట, ‘ముందు లైఫు చేసికొనుము’ అని.

పంపకము బాగుండని యెడల ఆడక విడుచుటకును హక్కు గలదు. 101 అంకెల ఆటలో మొదటనే విడిచిన 20, నడుమ విడిచిన 40 నష్టము. మొత్తము 101 చేరినవాడు వెలుపలికి పోవును. ఐదుసార్లు మొదటనే విడిచినవాడు 100తో ఇంకను నిలిచియుండును. రెండుసార్లు నిండుగా ఓడినవాడు 160తో పోవును. కావున విడువదగినదానిని విడుచుటయు నొక విద్యయే.

ముక్కలను ఉంచుకొనుటలోను ఇట్టి గణితమే యున్నది. ఇస్పేటు 5, 6 పట్టినవానికి 4 గాని 7 గాని పనికివచ్చును. రెండు పేకలలో అవి నాలుగు ముక్కలు. 5, 7 పట్టినవానికి 6 ఒక్కటే కావలెను, అవి రెండే. ఆ రెండును తెఱచిన కుప్పలో పడిపోయెనని గుర్తుంచుకొన్నవాడు జోకరు లేనియెడల ఆ ఆశను వెంటనే విడుచును. గుర్తులేనివాడు కడవరకు ఎదురుచూచి ఓడును. ఎదుటివాడు ఏ ముక్కను కుప్పనుండి ఎత్తుకొనెనో చూచి, దానికి పొరుగు ముక్కను వేయకుండుట మఱియొక జాగ్రత్త. భారతమున ఋతుపర్ణుడు చెట్టు ఆకులను కాయలను చూపుమాత్రమున లెక్కించి నలునికి అక్షహృదయముతో గూడ సంఖ్యాజ్ఞానమును ఉపదేశించినది స్మరణకు వచ్చును. పాచికలకే లెక్క యుపకరించినచో, పడిన ముక్కలు కంటికెదుట నుండు ఈ యాటకు మఱింత యుపకరించుట వింత కాదు.

ఇక న్యాయము. మనువు ప్రాణములేని సాధనములతో ఆడునది ద్యూతమనియు, ప్రాణులతో ఆడించునది సమాహ్వయమనియు విభజించి, రెంటిని నిషేధించెను. కౌటిల్యుడు నిషేధింపక, ద్యూతాధ్యక్షుని పెట్టి, గెలిచిన ధనమున నూటికైదును, పాచికల బాడుగను, నీటికిని స్థలమునకును రుసుమును గైకొనవలెనని విధించెను. యాజ్ఞవల్క్యుడును సభికునకు, అనగా జూదశాల నడుపువానికి, భాగము నిర్ణయించెను. ఈ శాస్త్రకర్తల దృష్టి క్రీడలోని నేర్పుపై గాక, పందెముపైనను శాలాధిపతి లాభముపైనను నిలిచినది.

క్రీడాధర్మమునే ప్రధానముగా గొని విచారించినది 1967వ సంవత్సరపు తీర్పు. సికింద్రాబాదు క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో 1963లో రమ్మీ యాడుచుండగా పట్టుకొని, హైదరాబాదు జూదచట్టము క్రింద అభియోగము తెచ్చిరి. మేజిస్ట్రేటు శిక్షించెను; హైకోర్టు కొట్టివేసెను; రాష్ట్రప్రభుత్వము సుప్రీముకోర్టునకు పోయెను. ఆంధ్రప్రదేశ రాష్ట్రము, కె. సత్యనారాయణ అను ఆ వ్యాజ్యమున న్యాయమూర్తి హిదాయతుల్లా 1967 నవంబరు 22వ తేదీన తీర్పు చెప్పెను. మూడుముక్కల యాట కేవలము అదృష్టముపై నాధారపడునదనియు, రమ్మీలో పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుట, ఉంచదగినదానిని ఉంచి వేయదగినదానిని వేయుట నేర్పుతో గూడిన పనులగుటచే అది ప్రధానముగా నైపుణ్యక్రీడ యనియు నిర్ణయించెను. పంపకమున అదృష్టమున్నది, బ్రిడ్జియాటలోను అట్లే యున్నదిగదా యని సమాధానము. అయితే గృహస్వామి గాని క్లబ్బు గాని ఆ యాటవలన లాభము గడించినట్లు రుజువైనచో నేరము కావచ్చునని యొక హద్దును గీచెను. ముక్కలకును స్థలమునకును తీసికొను రుసుము మాత్రముచేతనే అట్టి లాభము సిద్ధింపదని పలికెను. కౌటిల్యుడు వేర్వేరుగా జెప్పిన నూటికైదును, నీటి రుసుమును ఇచ్చట మఱల వేర్వేరయ్యెను.

కోటబొమ్మాళి సీమకు అంతవరకు వర్తించినది మద్రాసు రాష్ట్రపు 1930 నాటి జూదచట్టము. 1974లో ఆంధ్రప్రదేశమంతటికి ఒకే చట్టము వచ్చి, కేవల నైపుణ్యక్రీడలను తన పరిధినుండి మినహాయించెను. పిదప ఆట అరుగునుండి చేతిలోని ఫోనులోనికి పోయెను. అప్పుడు శాలాధిపతి కంటికి కనబడకుండనే ప్రతి పందెమునను భాగము గొనుట యారంభమయ్యెను. 2017లో తెలంగాణమును, 2020లో ఆంధ్రప్రదేశమును చట్టములను సవరించి ఆన్‌లైను పందెపు రమ్మీని నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము, నైపుణ్యమా అదృష్టమా అను భేదము నెంచక, ఆన్‌లైను ధనక్రీడల నన్నింటిని నిషేధించినది.

దీనివలన తేలు విషయ మొక్కటి. రమ్మీ బుద్ధిక్రీడ యనుటకు దాని నియమములే ప్రమాణము; దానిని 1967 తీర్పు సరిగా గుర్తించినది. కాని పడిన ముక్కలను గుర్తుంచుకొను ధారణ పందెమున పోయిన సొమ్మును తిరిగి తేజాలదు. ఎందరి సొమ్ము పోయినను శాలాధిపతి భాగము తగ్గదు. స్మృతికర్తలు చూచినది ఈ రెండవ సత్యమును. అరుగుపైని పెద్దలును ఆటగాండ్రును చెప్పుకొను మాటలు రెండును నిజమే: ఒకరు సొమ్మును జూచి పలుకుచున్నారు, మఱియొకరు ముక్కలను జూచి పలుకుచున్నారు.