తూము తలుపు: రాపిడితో పోరు, రాపిడితో పొత్తు

ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో పూర్తయింది. నీటిమట్టాన్ని నిలిపేది ఆనకట్ట. కాలువలోకి ఎంత నీరు పోవాలో నిర్ణయించేది మాత్రం తూము తలుపు.

పాత చెరువులలో రాతి స్తంభాల నడుమ నిలిపిన పొడవాటి కర్రకు బిరడా బిగించి, దానిని పైకి లాగి తూము తెరిచేవారు. రంధ్రం చిన్నది కనుక మనిషి బలం సరిపోయేది. పెద్ద కాలువలకు గాళ్లలో పైకీ కిందికీ జారే వెడల్పాటి తలుపులు అవసరమయ్యాయి. అక్కడ తలుపు బరువు కన్న నీటి ఒత్తిడే పెద్ద అడ్డంకి. ఒక చదరపు మీటరు తలుపు మధ్యభాగం 3 మీటర్ల లోతున ఉంటే, నీరు దానిని సుమారు 3 టన్నుల బలంతో గాడికి అదుముతుంది. ఆ రాపిడిని వట్టి చేతులతో గెలవలేము.

దీనికి ఒక పరిష్కారం మరలున్న ఇనుప కడ్డీ. మర చుట్ల మధ్య దూరం 1 సెంటీమీటరు, చక్రం వ్యాసార్థం 30 సెంటీమీటర్లు అయితే, లెక్క ప్రకారం చేతిబలం 188 రెట్లవుతుంది. అందులో చాలా భాగం మరలోని రాపిడికే పోతుంది. అయితే చెయ్యి వదిలినా తలుపు కిందికి జారకుండా ఆపేది కూడా ఆ రాపిడే.

ఇంకొక పరిష్కారం గాడిలోని రాపిడినే తగ్గించడం. ఐరిష్ ఇంజనీరు స్టోనీ తలుపుకూ గాడికీ మధ్య విడి రోలర్ల వరుసను వేలాడదీశాడు. 1894లో ప్రారంభమైన ఇంగ్లండులోని మాంచెస్టర్ షిప్ కెనాల్ తూములకు ఆ తలుపులే అమర్చారు.

కాలువ చివరి పొలానికి నీరందడం లస్కరు తిప్పే చక్రంతోనే మొదలవుతుంది. అతని చేతికి నది లొంగడం వెనుక ఉన్నది, ఒకచోట రాపిడిని తగ్గించి మరొకచోట దానినే కాపలా పెట్టిన ఈ యుక్తి.