ఇంకొక్క ముద్ద

మా అమ్మాయి కాపురం మణికొండలో. తొమ్మిదో అంతస్తు. బాల్కనీలో నిలబడితే ఎదురింటివాళ్ల తొమ్మిదో అంతస్తు కనబడుతుంది. అంచేత చందమామను చూపించి పిల్లవాడికి అన్నం పెట్టే సదుపాయం ఆ ఇంట్లో లేదు. దాని బదులు సెల్‌ఫోను ఉంది.

నేను వెళ్లిన రోజు రాత్రే ఆ వైభవం చూశాను. మూడేళ్ల మనవడు ఫోనులో బొమ్మలు చూస్తుంటాడు. మా అమ్మాయి సందు దొరికినప్పుడల్లా ముద్ద పెడుతుంటుంది. వాడు దాన్ని బుగ్గన దాచుకుంటాడు. మింగడు, ఉమ్మడు. ఎనిమిదింటికి మొదలైన భోజనం తొమ్మిదిన్నరకి కూడా సాగుతూనే ఉంది. చివరికి మా అమ్మాయి కంచం పక్కన పెట్టి, "ఆఫీసులో ఇరవైమంది చేత పని చేయిస్తానమ్మా, వీడి చేత ఒక్క ఇడ్లీ తినిపించలేకపోతున్నాను" అని కళ్లు తుడుచుకుంది.

"ఇటు తే" అన్నాను. ముగ్గుర్ని పెంచినదాన్ని కదా! కాకి ముద్ద, తాతయ్య ముద్ద అయ్యాయి. బూచాడొచ్చాడు. చివరికి ఏ పాపం ఎరగని వాచ్‌మన్‌ని కూడా బూచాణ్ణి చేశాను. రెండు రోజులు నాదే గెలుపు. మూడోనాడు నా చేతిలో కంచం చూడగానే వాడు మంచం కిందికి దూరిపోయాడు. కంచానికి కాదు, నాకు భయపడి! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

ఈ "ఇంకొక్క ముద్ద" మనకెక్కడినుంచి వచ్చిందా అని ఆలోచించాను. నాకైతే మా అమ్మ దగ్గరనుంచి వచ్చింది. మాది నల్లగొండ జిల్లా పల్లెటూరు. నాకు ముందు పుట్టిన ఇద్దరూ అమ్మకి దక్కలేదు. ఆ రోజుల్లో పిల్ల అన్నం వద్దందంటే జ్వరమో, అంతకంటే పెద్ద గండమో అని అర్థం. ఆవిడ నా నోట్లో కుక్కిన ముద్దల్లో ప్రేమ ఎంతో భయమూ అంతే.

ఆ భయం ఉత్తది కాదు. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది చూశారూ, అది 1918లో కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి పరిశోధనతో మొదలై, 1958లో హైదరాబాదుకి తరలివచ్చింది. డాక్టర్ గోపాలన్‌గారూ ఆయన సహచరులూ అక్కడ తేల్చిన పెద్ద విషయమేమిటంటే, మన పిల్లలకు మాంసకృత్తుల లోటుకన్నా అసలు కడుపునిండా తిండి లేకపోవడమే పెద్ద లోటని. గోధుమలు, శనగపప్పు, పల్లీలు, బెల్లం కలిపి "హైదరాబాద్ మిక్స్" అనే పిండి తయారుచేసింది కూడా ఆ సంస్థే. పిల్లలు తినరన్న బెంగ కాదు అప్పటిది, తినడానికి లేదన్న బెంగ. 1998లో సైబర్ టవర్స్ వచ్చాక మణికొండ పొలాల్లో మేడలు లేచాయి. వంటింట్లో రెండు తలుపుల ఫ్రిజ్ లేచింది. భయం మాత్రం పాతదే, సామాన్లతోబాటు అద్దె లారీలో వచ్చేసింది.

పిల్లల డాక్టరు మాత్రం వీడి బరువు గీత సరిగానే ఉందన్నారు. పుట్టిన బరువు ఏడాదికి మూడింతలవుతుంది, రెండో ఏట పెరిగేది రెండు మూడు కిలోలే. పెరుగుదల నెమ్మదిస్తే ఆకలీ నెమ్మదిస్తుంది. సరిగ్గా అప్పుడే తల్లులకి బెంగ మొదలవుతుంది. (బరువు తగ్గిపోతున్నా, మింగడానికి ఇబ్బంది పడుతున్నా మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. నా వ్యాసం చదువుతూ కూర్చోకూడదు.)

1926లో అమెరికాలో క్లారా డేవిస్ అనే డాక్టరమ్మ ఒక సాహసం చేసింది. అప్పుడే తల్లిపాలు మాన్పిన పసివాళ్ల ముందు రకరకాల పదార్థాలు పెట్టించేది. నర్సు చెంచా పట్టుకు కూర్చోవాలి, బిడ్డ చెయ్యి చాపితేనే అందించాలి, మంచి చెడ్డా మాట్లాడకూడదు. ఆ పద్ధతిలో పదిహేనుమంది పిల్లలు చక్కగా పెరిగారు. రికెట్స్ ఉన్న ఒక పిల్లవాడు తనంతట తానే కాడ్‌లివర్ నూనె తాగి, జబ్బు నయమయ్యాక మానేశాడట! అయితే అందులో కిటుకు తన జాబితాలోనే ఉందని ఆవిడే ఒప్పుకుంది. ఆ ముప్పైనాలుగు పదార్థాల్లో చక్కెర లేదు. బిస్కట్లు పెట్టి "నీ ఇష్టంరా" అంటే ఈ ఫలితం రాదు.

1982లో లియాన్ బర్చ్ అనే ఆవిడ రెండేళ్ల పిల్లలకు ఎరగని చీజులూ పండ్లూ రుచి చూపించింది, కొన్ని రెండుసార్లే, కొన్ని ఇరవైసార్ల వరకూ. ఎన్నిసార్లు రుచి చూస్తే అంత ఇష్టం పెరిగింది. మనమేమో మూడోసారికే "వీడికి బీరకాయ పడదు" అని తీర్పు చెప్పేస్తాం.

నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది మా జిల్లా కథ. తార్నాక సంస్థకు చెందిన షహనాజ్ వజీర్‌గారూ సహచరులూ నల్లగొండ జిల్లాలో అరవై పల్లెల్లో ఆరువందల తల్లీబిడ్డల జంటలను తీసుకున్నారు. వాళ్లు పేచీపెట్టే పిల్లలు కారు, మూడు నెలల పసికందులు. పదిహేను నెలలొచ్చేదాకా వాళ్లను గమనించారు. ఇరవై పల్లెల్లో మామూలు అంగన్‌వాడీ సేవలే. ఇరవై పల్లెల్లో వాటితోబాటు ఏం పెట్టాలో పదకొండు సలహాలు. మిగతా ఇరవైలో ఆ పదకొండూ చెప్పి, ఎలా పెట్టాలో ఎనిమిది, ఎలా ఆడించాలో ఎనిమిది, ఆపైన అయిదు ఆటవస్తువులు. చెప్పినవాళ్లు పట్నం డాక్టర్లు కారు, శిక్షణ పొందిన పల్లె ఆడవాళ్లే ఇంటింటికీ తిరిగి చెప్పారు. బిడ్డ ముఖం చూడు, ఆకలేదో కడుపు నిండిందేదో కనిపెట్టు, బలవంతం చెయ్యకు... ఈ ధోరణిలో.

2013లో ఫలితాలు అచ్చయ్యాయి. సలహాలందిన రెండు జట్ల పిల్లల తిండీ మెరుగుపడింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఎత్తు ఎక్కువ పెరిగింది "ఏం పెట్టాలి" జట్టుకే. మూడో జట్టు పిల్లలు ముందున్నది బుద్ధివికాసంలో. అది కబుర్లవల్లో, ఆటలవల్లో, ముఖం చూసి పెట్టడంవల్లో విడదీసి చెప్పలేం.

ఇది చదివాక నాకొకటి తట్టింది. చందమామను చూపించినప్పుడు మా అమ్మ నా ముఖం చూసేది. ఫోను పెట్టాక పిల్లవాడు తెర చూస్తాడు, తల్లి కంచం చూస్తుంది. ఒకరి ముఖం ఒకరు చూసుకునే పని లేదు.

మర్నాడే ఫోను సొరుగులో పడింది. ఆరింటి పాలూ బిస్కట్లూ మానిపించాం. ఎనిమిదింటికి అల్లుడుగారితో సహా అందరం కింద చాపమీద కూర్చున్నాం. వాడి కంచంలో అన్నం, పప్పు, పెరుగు, చిటికెడు కూర. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో మా ఇష్టం. ఎంత తినాలో వాడిష్టం. వాణ్ణి ఎవరూ ఏమీ అనకూడదు. అన్నిటికన్నా కష్టం నాకదే! తొలిరోజు ఏడ్చాడు. రెండోరోజు నాలుగు వేళ్ల పెరుగన్నంతో లేచిపోయాడు. మా అమ్మాయి పెదవి కొరుక్కుంది, నేను నాలుక కొరుక్కున్నాను.

పదకొండో రోజు వాడు నా కంచంలోంచి ఒక బీరకాయ ముక్క తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. నాకాడు. మొహం చిట్లించి మళ్లీ నా కంచంలోనే పెట్టేశాడు.

మా అమ్మాయి నావైపు చూసింది. నేనా ముక్క నోట్లో వేసుకుని, చారు వడ్డించమన్నాను.