సదరదాలతు మొదలు సర్వోన్నత న్యాయస్థానము వఱకు

న్యాయస్థానముల పేళ్లలోని ‘సదరు’, ‘సుప్రీము’, ‘హై’, ‘సర్వోన్నత’ అను విశేషణములన్నియు ఔన్నత్యమును తెలుపునవే. అయినను ఇవి పర్యాయపదములు కావు. ఈ భేదమును గుర్తింపనిచో అనంతపురము వంటి దత్తమండల ప్రాంతపు వ్యవహారపత్రములను చదువు పరిశోధకుడు పొరపడుటకు అవకాశము కలదు.

‘సదరు’ అరబ్బీ శబ్దము. ఱొమ్ము, అగ్రభాగము, ముఖ్యస్థానము అని దాని అర్థములు. ‘సదరదాలతు’ అనగా ప్రధాన న్యాయస్థానము. కాని ‘సదరు వాది’ అన్నచోట ‘పైన చెప్పబడిన’ అని మాత్రమే అర్థము. పత్రపు అగ్రభాగమున పేర్కొనబడుటయే ఈ రెండవ అర్థమునకు మూలమని ఊహింపవచ్చును.

1800లో నిజాము ఈ మండలములను ఈస్టిండియా కంపెనీకి వదలుకొనెను. మరుసటి ఏట మద్రాసున ‘సుప్రీంకోర్టు’ వెలసెను. పేరు గొప్పదేగాని దాని అధికారము ముఖ్యముగా మద్రాసు పట్టణమునకు పరిమితము. నాడు బళ్లారి జిల్లాలో చేరియున్న అనంతపురపు రైతు భూవివాదము కంపెనీ న్యాయస్థానముల మెట్లెక్కి సదరదాలతును చేరవలసినదే. 1862లో ఈ రెండును కలిసి మద్రాసు హైకోర్టు ఏర్పడెను. దానిపైనను లండనులోని ప్రీవీ కౌన్సిలు ఉండెను. కావున పేరునుబట్టి గాక, అధికారపరిధిని, అప్పీలు క్రమమును బట్టి స్థాయిని నిర్ణయింపవలెను.

1937 నాటి శ్రీబాగు ఒడంబడికతో ‘హైకోర్టు’ అను మాటకు మఱియొక భావము చేరెను. రాజధాని, హైకోర్టులలో ఒకటి కోస్తాకు, ఒకటి రాయలసీమకు చెందవలెననియు, కోరుకొను హక్కు రాయలసీమదనియు అందు నిర్ణయించిరి. కఱవుసీమవారికి అది న్యాయపీఠము మాత్రమే కాదు, రాష్ట్రములో తమ వాటాకు గుర్తు. 1953లో రాజధాని కర్నూలున వెలసెను. 1954లో హైకోర్టు గుంటూరున వెలసెను. 1956లో రెండును హైదరాబాదుకు తరలెను. 2019లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతికి వచ్చెను.

రాజ్యాంగపు 124వ అధికరణము సుప్రీంకోర్టును, 214వది హైకోర్టులను చెప్పును. వీనికి క్రమముగా ‘సర్వోన్నత’, ‘ఉన్నత’ అను తెలుగు మాటలు స్థిరపడినవి. ‘అత్యున్నత న్యాయస్థానము’ అను మాటను ఒకచో దేశపు న్యాయస్థానమునకు, మఱియొకచో రాష్ట్రపు న్యాయస్థానమునకు వాడుటయే చిక్కు. ‘అత్యున్నత’ అన్నప్పుడు ఏ పరిధిలో అన్నది చెప్పితీరవలెను. తన దావా ఇంకను ఎన్ని మెట్లు ఎక్కవలెనో తెలియగోరు కక్షిదారునకు ఇది శబ్దచర్చ కాదు, జీవనసమస్య.