తాత కట్టె, మనవడు విప్పె

ఆ కట్టె కాస్త లోపలికి తొయ్యి అబ్బోడా, పొగ వస్తా ఉండాది. ఇంక ఆ ఫోను పక్కన పెట్టు. చూసినాలే, ఇటలీలో తూరిన్ ఊళ్లో కరిన్యానో మేడ. ఎర్ర ఇటుకల గోడ అల మాదిరి వంకర తిరిగి బాగానే ఉండాది. 1679లో మొదలుపెట్టినారన్నావు. దానికి నలభైమూడేళ్ల ముందే, 1636లో, మన తెలుగాయన తిరుమల నాయకుడు మదురైలో మహలు కట్టించినాడు. ధర్మపురిలో పొద్దున బస్సెక్కితే సాయంత్రం లోపల చేరతావు. ఒక్కసారన్నా పోయినావా? పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్లేదు.

నేను పోయింది 1955లో, పన్నెండేళ్లప్పుడు. మా మేనమామకు ఆ పక్క భూములుండేవి. బావిగట్టు మీద రెండు కొబ్బరిచెట్ల కోసం ఆయనా వాళ్లన్నా కోర్టుకెక్కి, అప్పీలు దాకా లాగినారు. వకీళ్లకు పోసిన దుడ్డుతో కొబ్బరితోపే వచ్చుండును. జిల్లా కోర్టు అప్పుడు ఆ మహలులోనే ఉండేది. 1970 దాకా అక్కడే.

మొరప్పూరు నుంచి మన ధర్మపురి మీదుగా హోసూరుకు చిన్న పట్టాల రైలుండేదని మా నాయన చెప్పేవాడు. యుద్ధకాలంలో, 1941లో, నిలిపేసినారు. అది ఇంకో రాత్రి ముచ్చట. మేము సేలం దాకా బస్సులో, అక్కణ్ణించి రైల్లో పోయినాం. టేసన్లో ఇడ్లీ అర్ధణా, కాఫీ అణా. పిల్లోళ్లకు కాఫీ కొనేది లేదు. పెద్దోళ్ల డవరా అడుగున మిగిలిన గుక్కే మన భాగ్యం.

మహలు గుమ్మం దాటి లోపలికి పోతే నోట మాట రాలేదు. నడుమ 250 అడుగుల పొడుగున్న వాకిలి, చుట్టూ స్తంభాలు. ముగ్గురు పిల్లోళ్లం చేతులు కలిపి ఒకదాన్ని కావిలించుకున్నాం, అందలేదు. వాకిలికి ఆ కొసన స్వర్గవిలాసం, రాజు కొలువు తీరిన చోటు. తలెత్తి చూస్తే ఎనిమిది పలకల గుమ్మటం, దూలం లేదు, కమ్మీ లేదు. ఇటుకా సున్నమే ఒకదాన్నొకటి పట్టుకొని నిలబడినాయి. ఆ గార చేత్తో తడిమితే గాజు మాదిరి నున్నగుండాది. గవ్వలు కాల్చిన సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి రుద్దినారని మామ చెప్తే, మా అత్త ముక్కున వేలేసుకొని, “అయ్యో, పచ్చసొనంతా ఏం చేసినారో!” అనింది. ఇంతవరకూ ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు నాకు.

ఎవరో ఇటలీ మేస్త్రి గీసిచ్చినాడంటారు. పేరడుగు, ఎవురూ చెప్పరు. నాకు పేరు తెలిసిన ఇటలీ ఆయన ఒక్కడే, రాబర్టు డి నొబిలి. 1606లో మదురైకొచ్చిన పాదిరి. కాషాయం కట్టి, మాంసం మానేసి, తమిళం, సంస్కృతం, వాటితోపాటు తెలుగూ నేర్చినాడు. నాయకుల కొలువులో మాట మనదే కదా. మన మాదిరే, ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం. మేడలు కట్టే పని మాత్రం ఆయనది కాదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. ఈ వంశంలో ఇల్లు విప్పి చూసినవాడూ ఉన్నాడు. తిరుమల నాయకుడికి తిరుచ్చిలో ఎడతెగని జలుబు పట్టుకొనిందనీ, మీనాక్షమ్మ కలలోకొచ్చి మదురైకి రమ్మనిందనీ చెప్తారు. వచ్చినాడు, మహలు కట్టినాడు, 1659లో పోయినాడు. మనవడు చొక్కనాథుడికి మదురై పడలేదు. మళ్లీ తిరుచ్చికే కాపురం మార్చి, తాత మహలు చానా మట్టుకు ఊడదీయించి సామానంతా అక్కడికి మోయించినాడు. తీరా అక్కడ తాత మేడకు సాటి వచ్చేది ఒక్కటీ లేవలేదు. ఇల్లు పీకి పందిరేసినట్టు! ఇప్పుడు మిగిలింది పావు వంతు. అదైనా, 1866 నుంచి 1872 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న నేపియరు దొర బాగుచేయించబట్టి నిలిచింది.

నిద్రొస్తా ఉందా? ఉండు, అయిపోవచ్చింది.

మీనాక్షమ్మ గుడి దగ్గర ఒక సందులో, గుడ్డల అంగళ్ల నడుమ, పది రాతి స్తంభాలు నిలబడి ఉంటాయి. అవీ ఆ మహలు తునకలే. సందు పేరే పత్తు తూణ్. వాయిదా పడినాక మామ అక్కడ తువ్వాలు బేరమాడినాడు. అంగడాయన పన్నెండణాలంటే ఈయన ఎనిమిది దగ్గర కూర్చున్నాడు. నేను ఒక స్తంభానికి వీపు ఆనించి నిలబడినా, ఎండపూట కూడా చల్లగుండింది. “రైలు పోతాదయ్యో!” అని అత్త అరిచేదాకా ఆ బేరం తెగలేదు.