శస్త్రచికిత్స తరువాత ప్రేగుల స్తబ్ధత

ఉదర శస్త్రచికిత్స తరువాత ప్రేగుల సహజమైన కదలిక తాత్కాలికంగా ఆగిపోవడాన్ని ప్రేగుల స్తబ్ధత (వైద్య పరిభాషలో ఇలియస్) అంటారు. సాధారణంగా చిన్నప్రేగు 24 గంటలలో, జీర్ణాశయం 24-48 గంటలలో, పెద్దప్రేగు 48-72 గంటలలో తేరుకుంటాయి. ప్రేగులను చేతితో కదిలించడం వలన కలిగే వాపు, మార్ఫిన్ వంటి నొప్పిమందులు, రక్తంలో పొటాషియం తగ్గడం, సెలైన్ ఎక్కువగా ఎక్కించడం దీనిని పొడిగిస్తాయి.

నివారణ

అపానవాయువు వెలువడే వరకు రోగికి ఏమీ పెట్టరాదనే నియమం చాలాకాలం ఉండేది. బంధువులలో ఇప్పటికీ ఈ నమ్మకం బలంగానే ఉంది. 1990లలో డెన్మార్క్ శస్త్రవైద్యుడు హెన్రిక్ కెలెట్ త్వరగా ఆహారమివ్వడం, నడిపించడం, మార్ఫిన్ తగ్గించడం మేలని చూపాడు. చూయింగ్ గమ్ నమలడం కూడా కొంత ఉపకరిస్తుంది. అయితే ఆహారం ఎప్పుడు మొదలుపెట్టాలో వైద్యుడే నిర్ణయించాలి.

చికిత్స

సెలైన్‌తో నీరు, లవణాల లోపాన్ని సరిచేస్తారు. వాంతులు ఆగకపోతేనే ముక్కు గుండా గొట్టం వేస్తారు. అంతకుముందు ప్రేగు మెలికపడిందా, లోపలి కుట్లు వదిలాయా అన్నది తేల్చుకోవాలి, ఎందుకంటే ఆ రెండూ ప్రాణాంతకాలు.

రేణిగుంటకు సుమారు 10 కి.మీ. దూరంలోని తిరుపతిలో రుయా ఆసుపత్రి, 1993లో ప్రారంభమైన స్విమ్స్ ఉన్నాయి. శస్త్రచికిత్స జరిగి ఇంటికి వచ్చినవారికి కడుపు ఉబ్బి, వాంతులు, జ్వరం, తీవ్రమైన నొప్పి కనిపిస్తే ఆముదం వంటి విరేచనకారులు ఇవ్వకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.