శిస్తు మనది, పట్టా ఎవరిది?

ప్రతి జూన్‌లో కొత్తగా చేరే పిల్లల కాగితాలు సరిచూడడం మా హాస్టల్‌లో పెద్ద పని. కొన్నేళ్ల క్రితం ఒక తాత మనవరాలిని చేర్చడానికి వచ్చారు. గుడ్డమూట విప్పి, అందులోని కాగితాలన్నీ మా బల్ల మీద పెట్టి, "మీకు ఏది కావాలో తీసుకోండి" అన్నారు. మూట అడుగున ఉర్దూలో రాసిన పాత శిస్తు రసీదులు ఉన్నాయి. "ఇవి మా నాయన కట్టినవి. భూమి మాత్రం మా పేరున ఎక్కలేదు" అన్నారాయన. శిస్తు కట్టినవాడి పేరున భూమి ఎందుకు ఎక్కలేదని ఆ సాయంత్రం స్టడీ అవర్‌లో పెద్ద పిల్లలు అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మన ఆదిలాబాద్ అడవుల చరిత్రలో కొంత వెనక్కి పోవాలి.

మీ పోటీ పరీక్షల పుస్తకాల్లో మొదటి సాలార్‌జంగ్ సంస్కరణలు ఉంటాయి. శిస్తు వసూలు గుత్తకు ఇచ్చే పద్ధతిని ఆయన తీసేశారు, 1865లో జిల్లాబందీ తెచ్చారు. గొప్ప పాలనాదక్షుడు, కాదనం. కానీ ఆ లెక్కంతా ఒకే చోట ఏటా దున్నే రైతును చూసి కట్టింది. మన పెద్దలు గుట్టల మీది తేలిక నేలను రెండు మూడేళ్లు దున్ని, కొన్నేళ్లు బీడు వదిలి, మళ్లీ అక్కడికే వచ్చేవారు. వాళ్లకు అది నేలకు విశ్రాంతి. దఫ్తరు లెక్కలో మాత్రం బీడంటే ఎవరిదీ కాని భూమి.

అందుకే చాలామంది సాగు 'శివాయి జమాబందీ' కింద ఉండిపోయింది. దున్నినందుకు శిస్తు కట్టాలి, రసీదు తీసుకోవాలి. హక్కు మాత్రం రాదు. పట్వారీ దగ్గరకు వెళ్లి అర్జీ రాయగలిగిన మైదానం మనిషి అదే నేల మీద పట్టా తెచ్చుకుంటే, దున్నుతున్నవాడు రాత్రికి రాత్రే కౌలుదారు అయిపోయేవాడు. ఇంకోపక్క అడవి రిజర్వు గీత గూడేల దాకా వచ్చింది. పశువుల మేతకూ కట్టెలకూ బంబ్రాం, దూపపెట్టి అంటూ సుంకాలు వేశారు. వీటికి తోడు అటవీ సిబ్బందికి నాగలికి ఇంతని మామూళ్లు. మామూళ్లకు రసీదు కూడా ఉండదు కదా.

ఈ పన్నుల లెక్క మొట్టమొదట సరిగ్గా చదివింది ఏ అధికారీ కాదు, కొమురం భీము. బాబేఝరి, జోడేఘాట్ చుట్టుపక్కల గూడేలను కూడగట్టి, ఈ నేల, ఈ మేత మావి, సుంకం ఎందుకు కట్టాలని అడిగారు. 1940లో జోడేఘాట్ గుట్టల్లో నిజాం పోలీసుల కాల్పుల్లో ఆయన, ఆయన వెంట ఉన్నవారు నేలకొరిగారు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి మనం అక్కడికి వెళ్లేది అందుకే.

ఆ కాల్పుల తర్వాతే సర్కారుకు కారణాలు తెలుసుకోవాలనిపించింది. ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్ర పండితుడు హైమన్‌డార్ఫ్ అప్పుడు హైదరాబాద్ రాజ్యంలోనే ఉన్నారు. యుద్ధకాలంలో శత్రుదేశపు పాస్‌పోర్టు ఉన్న మనిషి కావడంతో రాజ్యం దాటి వెళ్లనివ్వలేదు. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. గోండీ నేర్చుకున్నారు. ఎవరు ఎంత శిస్తు కట్టారు, ఎవరికెంత లంచం ఇచ్చారు, ఏ భూమి ఎవరి పేరున పోయిందో ఊరూరా అడిగి రాసుకున్నారు. రెవెన్యూ శాఖ చూసిన గ్రిగ్‌సన్ అంతకుముందు బస్తర్‌లో పనిచేసి అక్కడి మరియా గోండుల మీద 1938లో పుస్తకం రాసిన మనిషి. అందువల్ల ఆ నివేదికలు బీరువాలో పడి ఉండలేదు.

మనం ఎక్కువగా తలచుకోని పేరు ఇంకొకటి ఉంది, సేతుమాధవరావు పగడి. రెవెన్యూ అధికారిగా ఆదిలాబాద్‌లో గిరిజనుల పని చూసి, గోండీ నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం రాశారు. తర్వాత మరాఠా చరిత్రకారుడిగా దేశమంతా పేరు పొందారు. దరఖాస్తుదారు భాష వచ్చిన అధికారి ముందు నిలబడడానికీ, దుబాసీని పెట్టుకుని నిలబడడానికీ ఎంత తేడానో మీ అమ్మానాన్నలను అడగండి.

1940ల్లో గిరిజనులకు ప్రత్యేకంగా భూములు కేటాయించారు. ఆ దశాబ్దం ముగిసేసరికి సుమారు 1,60,000 ఎకరాలకు 11,000 మందికి పైగా పట్టాలు అందాయి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చయ్యాయి. పట్టా, పలక ఒకే కాలంలో వచ్చాయన్నమాట. ఉపాధ్యాయ శిక్షణ పొందినవాళ్లం కాబట్టి మాకు రెండోదే ఎక్కువ ముచ్చట. కాగితం చదివే మనిషి ఊళ్లోనే ఉంటే పట్వారీ మాటే చివరి మాట కాదు.

అంతా సర్దుకుందని అనుకోకండి. 1970ల్లో హైమన్‌డార్ఫ్ తిరిగి వచ్చి చూసేసరికి, ఇచ్చిన భూముల్లో చాలావరకు చేతులు మారాయి. ఏజెన్సీలో గిరిజనేతరుల పేరున భూమి మారకుండా చేసే 1959 నియంత్రణ చట్టం తెలంగాణకు 1963లోగానీ రాలేదు. దాన్ని బిగించింది 1970 నాటి సవరణ, మనం 'వన్ ఆఫ్ సెవెంటీ' అనే చట్టం.

హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులు మార్లవాయిలో పక్కపక్కనే ఉన్నాయి. అక్కడ దండం పెడతాం, తప్పులేదు. కానీ జోడేఘాట్ దారి తొక్కకుండా మార్లవాయికి ఏ అధికారీ రాలేదన్న వరుస మరిచిపోకూడదు.

ఆ తాత రసీదులను మేము జిరాక్స్ తీయించి, అసలు కాగితాలు ఆయనకే ఇచ్చాం. ఉర్దూ చదవగల ఒక పెద్దమనిషితో వాటిని చదివించాం. మనవరాలు ఇప్పుడు డిగ్రీ చదువుతూ గ్రూప్స్‌కు తయారవుతోంది. దసరా సెలవులకు ఇళ్లకు వెళ్లే పిల్లలారా, పెట్టె అడుగున ఉన్న పాత కాగితాలను చెత్త అని పొయ్యిలో వేయనివ్వకండి. మా దగ్గరకు తెస్తే పహాణీతో పోల్చి చూడడం నేర్పుతాం.