కరెక్షన్ స్లిప్పు, హెడర్ ఫైలు

నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ నేర్పినవే. తప్పులుంటే దిద్దండి.

రైల్వేలో గుమాస్తాగా ఉన్నప్పుడు రూల్ పుస్తకాల్లో కరెక్షన్ స్లిప్పులు అతికించడం నా పని. ఒకసారి ఒక ప్రతిలో అతికించి రెండో ప్రతిలో మరిచిపోయాను. రెండు సీట్లలో రెండు లెక్కలు వచ్చాయి. రిటైరైన ఒక గ్యాంగ్‌మన్‌కి రావలసిన డబ్బు మూడు నెలలు ఆగింది. తప్పు నాది.

మా అబ్బాయి హెడర్ ఫైలు అంటే ఏమిటో చెప్పినప్పుడు ఆ సంగతే గుర్తొచ్చింది. లైబ్రరీలో ఏ ఫంక్షన్ ఉంది, దానికి ఏమేమి ఇవ్వాలి, ఏ వస్తువు ఎన్ని బైట్లు అని చెప్పే పుస్తకం అది. ఎవరికి వారు రాసుకుంటే ప్రతులు తేడా పడతాయి. అందుకే ఒకచోట రాసి, అందరూ దాన్నే చేర్చుకుంటారు. సీ భాషలోకి ఈ ఏర్పాటు 1973 ప్రాంతంలో వచ్చింది. బెల్ లాబ్స్‌లో డెన్నిస్ రిచీ దాన్ని తెచ్చారు, అలాన్ స్నైడర్ పట్టుపట్టడం ఒక కారణం. 1989 అమెరికా ప్రమాణంలో 15 హెడర్లు ఖాయమయ్యాయి.

లైనక్స్‌లో మొదట్లో ప్రోగ్రాములు కెర్నెల్ సొంత హెడర్లనే నేరుగా చూసేవి. కెర్నెల్‌వాళ్ళు తమ అవసరానికి ఏదైనా మార్చితే, సంబంధం లేని ప్రోగ్రాము కంపైల్ కాకుండా ఆగిపోయేది. 2006లో బయటివాళ్ళకు కావలసిన భాగాన్నే శుభ్రం చేసి ఇచ్చే ఏర్పాటు వచ్చింది. 2012లో, 3.7 కెర్నెల్‌తో, ఆ భాగాన్ని వేరే డైరెక్టరీలోకే మార్చారు.

ఇంకో చిక్కు కాలం. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల సంఖ్య, మన టైం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతుంది. హెడర్‌లో 64 అని దిద్దేస్తే చాలదా? చాలదు. పాత ప్రోగ్రాము 4 బైట్ల చోటే ఉంచుకుంది, అందులో 8 రాస్తే పక్కది చెరిగిపోతుంది. అందుకే 2021లో గ్లిబ్‌సీ 2.34 వాళ్ళు, 32 బిట్ల యంత్రాల్లో, అడిగినవాళ్ళకే 64 ఇచ్చారు. అడగని పాత ప్రోగ్రాములకు పాత లెక్కే నడుస్తుంది.

కొత్త వరస చేర్చడం సులువు, ఉన్నదాన్ని తాకడమే భయం. ఆ పుస్తకాన్ని నమ్మి ఎక్కడెక్కడ ఎవరు కూర్చున్నారో రాసినవాడికి తెలియదు. నాకు ఆ గ్యాంగ్‌మన్ ఒక్కడే తెలుసు, అతని ముఖం ఇంకా మరవలేదు.

మీ ఇళ్ళలో ఈ పని చేసే పిల్లలుంటే ఒక మాట అడిగి కింద రాయండి.